పరీక్ష పాసైన శాలువా

మంత్రిగారి మెడకి ఏదో గుచ్చుకుంది. ఈ కథలో పారిన రక్తమంతా అదే, ఒక్క చుక్క. ఆ తర్వాత జరిగినవాటిలో ఎక్కడా రక్తం లేదు. ఉత్తర్వులే ఉన్నాయి.

గుచ్చుకున్నది జిల్లా కేంద్రంలో, హాలు నిండా జనం చూస్తుండగా. జౌళిశాఖ జాయింట్ డైరెక్టర్ కోదండపాణి వంగి, ఇంకొంచెం వంగి, అంతకంటే వంగితే పడిపోతాననుకున్నాక ఆగి, మంత్రిగారికి శాలువా కప్పాడు. మంత్రిగారు నవ్వుతూ కెమెరా వైపు తిరిగారు. తిరగ్గానే "అబ్బా!" అన్నారు. మర్నాడు పేపర్లో ఆయన సన్మానం కంటే ఆ "అబ్బా" స్పష్టంగా పడింది.

మూడో వరుసలో కూర్చున్న బళ్ల పురుషోత్తం దిగ్గున లేచాడు. ఆ శాలువా అతని ఊరిది. సూరంపేట చేనేత సహకార సంఘానికి అతను సెక్రటరీ. ఊళ్ళో మగ్గాలన్నీ శాలువాలే నేస్తాయి. కొనేది ప్రభుత్వమొక్కటే. ప్రభుత్వానికి ఎవర్నో ఒకర్ని సన్మానించకుండా పొద్దుపోదు గనక సూరంపేటలో మగ్గం ఆగిన రోజు లేదు. ఏడాదిపాటు నేసిన సరుకు రెండు భాగాలుగా సంఘం గోడౌన్‌లో ఉంది. అది వెళ్ళకపోతే నూలు రాదు. నూలు రాకపోతే మగ్గం ఆడదు. ఊరి బతుకంతా ఆ "అబ్బా"కి అంటుకుంది.

పురుషోత్తం వేదిక వెనక గదికి పరిగెత్తాడు. అక్కడ శాలువా బల్లమీద పరిచి ఉంది. దాని అంచున, దీపం వెలుగులో నిగనిగలాడుతూ, ఒక గుండుసూది.

అది అక్కడికి ఎలా వచ్చిందో అతనికి చూడగానే తెలిసింది. సభల్లో శాలువాలన్నీ ఒకటి కావు. మంత్రికి ఒకరకం, ఎమ్మెల్యేకి ఒకరకం, కళాకారుడికి మిగిలిన రకం. తారుమారైతే ఉద్యోగాలు పోతాయి. అందుకని జేడీ కోదండపాణిగారి సిబ్బంది ఎవరి శాలువాకి వాళ్ళ పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి పెడతారు. కప్పేముందు చీటీ తీసేస్తారు. ఆరోజు కూడా తీశారు. చీటీ మాత్రమే తీశారు.

"సార్, గుండుసూది!" అన్నాడు పురుషోత్తం.

కోదండపాణి తలుపు గడియ పెట్టాడు. సూదిని రెండు వేళ్ళతో తీసి జేబులో వేసుకున్నాడు.

"ఏమయ్యా పురుషోత్తం, నీకేమన్నా కనిపించిందా?"

"గుండుసూది సార్. మీ జేబులో..."

"గుండుసూది ఉందంటే ఎవరు పెట్టారని అడుగుతారు. పెట్టినవాడు నా సెక్షన్‌వాడు. అడిగేవాడు మంత్రి. మధ్యలో నేను. అర్థమవుతోందా? అదే బట్టలో ఏదో లోపముందంటే ఎవర్నీ ఏమీ అడగరు. కమిటీ వేస్తారు."

కమిటీ వేశారు.

సదరు కమిటీ సూరంపేట రాలేదు. శాలువా చూడలేదు. మంత్రిగారి మెడను మాత్రం ఆయన అనుమతితో, సముచిత గౌరవంతో పరిశీలించింది. "గుచ్చుకొనుటకు కారణం లోహమై ఉండును. శాలువాపై లోహపు వస్తువేదీ లభ్యం కానందున, సదరు లోహము నూలుపోగులలోనే అంతర్లీనంగా ఉన్నదని ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది" అని నివేదిక ఇచ్చింది. దరిమిలా జీవో వచ్చింది. లోహరహితమని ధ్రువీకరణ లేని శాలువాను తయారుచేయడం, నిల్వచేయడం, అమ్మడం, కప్పడం, కప్పించుకోవడం నేరం. ధ్రువీకరించడానికి కొత్త సంస్థ ఒకటి. పేరు, రాష్ట్ర నూలుపోగుల లోహ నిర్ధారణ కేంద్రం. దానికి డైరెక్టరు డాక్టర్ శేషశయనం.

శేషశయనంగారు చెడ్డవాడు కాదు. నిజంగా చదువుకున్నవాడు. యంత్రాలంటే ప్రాణం. మనుషులంటే, యంత్రం బటన్ నొక్కడానికి అవసరం కదా అని ఊరుకునే రకం.

పురుషోత్తం ఒక శాలువా పట్టుకుని కేంద్రానికి వెళ్ళాడు. వాళ్ళు మూల నుంచి అగ్గిపెట్టెంత ముక్క కత్తిరించి, కొలిమిలో పెట్టి బూడిద చేశారు. చిటికెడు బూడిద యాసిడ్‌లో కరిగించి యంత్రానికి పట్టించారు. యంత్రం గుర్రుగుర్రుమని, ఒక కాగితం కక్కింది.

"శుభవార్త," అన్నాడు శేషశయనం. "మీ నూలులో ఉన్న లోహం, నేలలో మొలిచిన ఏ పత్తిలోనైనా ఉండేంతే. పాస్."

పురుషోత్తం ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని ఇంటికొచ్చాడు. భార్య రాజ్యం గుమ్మంలోనే కండెలు చుడుతోంది. సంగతి విని రాట్నం ఆపకుండానే అడిగింది.

"మన నూలు మంచిదని తెలుసుకోడానికి మీరు మూడు బస్సులు మారారా?"

"ప్రభుత్వానికి తెలియాలి కదే!"

"ప్రభుత్వానికి తెలిసిందనుకుంటున్నారా?"

తెలియలేదు. ఆ కాగితం మంత్రిగారి బల్లమీదికి వెళ్ళింది. మంత్రిగారు మెడ తడుముకుంటూ చదివారు.

"ఇదేంటిది? శాంపిలు పాసైతే శాలువా పాసైనట్టా? ఆ ముక్క కత్తిరించి కాల్చేశారు కదా. నా మెడమీద వేసేది మిగతాది కదా? మిగతాదాంట్లో లోహం లేదని ఎవడు చూశాడు?"

మంత్రి అడిగిన ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ ప్రశ్న ఉత్తర్వు అవుతుంది. సవరణ జీవో వచ్చింది. "ఇకపై ప్రతి శాలువాను, ప్రతి శాలువాలో ప్రతి పోగును, ఏ భాగమునూ మినహాయించకుండా పరీక్షించవలెను."

పురుషోత్తం మళ్ళీ మూడు బస్సులు మారాడు. శేషశయనం కొత్త కొలిములకు రిబ్బన్ కట్టిస్తూ మహా ఉల్లాసంగా ఉన్నాడు.

"సార్, ఒక్క అనుమానం. శాలువా మొత్తం పరీక్షిస్తారా?"

"అంగుళం వదలం."

"మరి పరీక్ష అయ్యాక శాలువా...?"

"పరీక్ష అయ్యాక ఫలితం ఉంటుంది."

"ఫలితం ఉంటుంది సార్. శాలువా ఉంటుందా?"

శేషశయనం జాలిగా చూశాడు. "మీరు శాలువా గురించి ఆలోచిస్తున్నారు. మేము నిశ్చితత్వం గురించి ఆలోచిస్తున్నాం. చరిత్రలో మొదటిసారి ఒక వస్త్రం గురించి మనకి సంపూర్ణంగా తెలియబోతోంది. ఆ మహత్తు మీకు తట్టట్లేదు."

పురుషోత్తం దారిలో ఆలోచించుకుని వచ్చిన మాట బయటపెట్టాడు. రెడీమేడ్ బట్టల కంపెనీల్లో ఒక యంత్రం ఉంటుంది. బట్టను బెల్టుమీద పెడితే అటునుంచి ఇటు వచ్చేస్తుంది. లోపల విరిగిన సూది ముక్క ఉంటే కూత పెడుతుంది. బట్ట నలగదు కూడా. అతని తోడల్లుడు అలాంటి కంపెనీలోనే చేస్తాడు. అడిగితే ఒకటి అద్దెకి తెప్పిస్తాడు.

శేషశయనం తలుపు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అది దేన్ని పడుతుందన్నారు?"

"సూదిని సార్."

"మంత్రిగారి శాలువాలో సూది ఉందని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు సార్."

"సూది లేదని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. లేని సూది కోసం ప్రభుత్వధనంతో యంత్రం తెప్పిస్తే ఆడిట్‌వాళ్ళు నన్నేమంటారు? పైగా అది పొరపాటున ఎక్కడైనా సూదిని పట్టిందనుకోండి, కమిటీ గతేంటి?"

ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. లారీ వచ్చింది.

గోడౌన్‌లో సగం సరుకు ఎత్తాలి, రెండో సగం తర్వాత. మూటలు కడుతుంటే పురుషోత్తం మేనమామ అంజయ్య తన శాలువా తనే తెచ్చి ఇచ్చాడు. మెరూన్ రంగు, రెండువైపులా ఒకేలా కనిపించే అంచు. అలాంటి అంచు వేసేవాళ్ళు సూరంపేటలో ఇంకెవరూ లేరు. చలికాలంలో మొదలుపెట్టి మామిడికాయలు వచ్చేదాకా నేశాడు.

"మామా, ఇది ఉంచెయ్. ఇంకోటి పంపుదాం," అన్నాడు పురుషోత్తం.

"ఎందుకురా? పరీక్షేగా. నాదాంట్లో ఏం లోహం ఉంటుంది, చెమట తప్ప?"

కాలుస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు పురుషోత్తం. అతను మూట ముడి బిగించాడు. పంపకపోతే సంఘాన్ని బ్లాక్‌లిస్ట్ చేస్తామని జేడీ ఫోన్ చేసి చెప్పాడు. పంపితే, కనీసం సరుకు ముట్టినట్టు రసీదు వస్తుంది.

రసీదుతో పాటు సరుకూ వచ్చింది, అట్టపెట్టెల్లో. ఒక్కో శాలువా ఒక్కో కవరులో. కవరుకి రెండు చెంచాల బూడిద. పైన హోలోగ్రామ్, గుండ్రటి ముద్ర: "లోహరహితం. పరీక్షలో ఉత్తీర్ణం." నూటికి నూరు పాస్. ఒక్కటీ ఫెయిలవలేదు. శేషశయనం స్వయంగా అభినందన లేఖ జతచేశాడు.

అంజయ్య తన పేరున్న కవరు చింపి, బూడిద అరచేతిలో పోసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో తిప్పితిప్పి చూశాడు.

"అల్లుడూ, ఇందులో అంచు ఎటువైపుందో కాస్త చూపించు."

అంజయ్య ఆరోజు నుంచి మగ్గం గుంటలో దిగలేదు.

కవర్లు తీసుకెళ్ళి కోదండపాణి బల్లమీద పెడితే, ఇప్పటికైనా సిగ్గుపడతారనుకున్నాడు పురుషోత్తం. కోదండపాణి ముద్రలు సరిచూసుకుని, స్టాకులో ఎక్కించుకున్నాడు. "శాలువాలు, ధ్రువీకరించినవి" అని రాయించాడు.

"సార్, ఇవి బూడిద కవర్లు."

"ధ్రువీకరణ ఉందా లేదా?"

"ఉంది."

"అయితే శాలువాలే. ధ్రువీకరణ లేనివాటిని కప్పితే నేరం. ఉన్నవాటిని కప్పకపోతే అలసత్వం. నన్నేం చెయ్యమంటావు?"

ఆ నెలలోనే కళాకారుల సత్కార సభ. పురుషోత్తం మళ్ళీ మూడో వరుసలో కూర్చున్నాడు. మైకులో యాంకరమ్మ తీయగా పలికింది. "ఇప్పుడు గౌరవనీయులైన మంత్రివర్యులను లోహరహిత శాలువాతో ఘనంగా సత్కరించుకుందాం!"

కోదండపాణి కవరు చింపాడు. మంత్రిగారి ఎడమ భుజంమీద ఒక చెంచా, కుడి భుజంమీద ఒక చెంచా, పద్ధతిగా చల్లాడు. తెల్ల ఖద్దరుమీద బూడిద పరుచుకుంది.

మంత్రిగారు మెడ అటు తిప్పారు. ఇటు తిప్పారు. వేళ్ళతో మెడ తడుముకున్నారు.

"గుచ్చుకోలేదు!" అన్నారు.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. తర్వాత వరసగా కళాకారుల మీద చల్లారు. ఒక సన్నాయి విద్వాంసుడు గట్టిగా తుమ్మేసరికి ఆయన సన్మానం పక్కాయన మీద పడింది. అంతకుమించి అపశ్రుతి లేదు.

అక్కణ్ణుంచి అది ఊపందుకుంది. బూడిద శాలువాకి ఇస్త్రీ అక్కర్లేదు. బీరువాలో చోటక్కర్లేదు. ఒక మంత్రి రోజుకి ఎన్ని సన్మానాలైనా చేయించుకుని ఒక్కసారి దులుపుకుంటే చాలు. పక్క శాఖలవాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. వర్సిటీవాళ్ళు స్నాతకోత్సవానికి గౌన్లు పంపి కాల్పించుకున్నారు. సూరంపేట బూడిదకి పేరొచ్చింది.

ఆ పేరే కొంప ముంచింది. ఇంత గిరాకీ ఉన్న సరుకును టెండరు లేకుండా కొనడం నిబంధనలకు విరుద్ధమని ఎవరో గుర్తుచేశారు. టెండరు పిలిచారు. "సరుకు: బూడిద. రంగు: లేత బూడిదరంగు. లోహం: నేలలో పండినదానికి మించరాదు." తక్కువ ధరకు వేసినవాడు ఒక రైసుమిల్లు యజమాని. వాళ్ళ మిల్లు వెనక ఊక బూడిద గుట్టలుగా ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని వదిలించుకోడానికి డబ్బిచ్చి లారీలు పెట్టుకునేవాడు.

పురుషోత్తం జేడీ గదిలో మొదటిసారి గొంతు పెంచాడు.

"సార్, మాది బట్ట బూడిద! వాడిది ఊక బూడిద!"

"టెండరులో బట్ట అన్న మాట ఎక్కడుందయ్యా?"

"శాలువా కదా సార్!"

"శాలువా అంటే ఏమిటో జీవోలో ఉంది. పరీక్షలో ఉత్తీర్ణమైనది శాలువా. వాడి బూడిద ఉత్తీర్ణమైంది. నిజానికి మీకంటే ఒక మెట్టు ముందే ఉన్నాడు. మీరు నేసి కాలుస్తున్నారు. వాడు నేరుగా కాలుస్తున్నాడు."

ఇంటికొచ్చి చెబితే రాజ్యం రాట్నం ఆపింది. ఆవిడ రాట్నం ఆపడం పురుషోత్తం పెళ్ళయ్యాక చూడలేదు.

"అయితే గోడౌన్‌లో రెండో సగం?"

"అమ్మితే నేరం. దాస్తే నేరం."

"కాలిస్తే?"

"కాలిస్తే కొనేవాడు లేడు."

రెండో సగం సంఘం అటకమీదికి ఎక్కింది. ఊళ్ళో సగం మగ్గాలు ఆగిపోయాయి. మిగతా సగం ఎప్పుడాగుతాయా అని నూలు చూసుకుంటున్నాయి. ఆ శాలువాలు అమ్ముడైతేనే మళ్ళీ నూలు. ఎవరికమ్మాలి? ఆ ప్రశ్నకి జవాబు తనంతట తానే జీపులో వచ్చింది.

కోదండపాణి పట్టపగలు, మామూలు చొక్కాలో, ఒక్కడే దిగాడు. సంఘం గదిలో అందర్నీ బయటికి పంపించమన్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పురుషోత్తం, ఒక సంగతి. మా పెద్దమ్మాయికి పెళ్ళి. వియ్యాలవారికి బట్టలు పెట్టాలి."

"సంతోషం సార్. మీ ఆఫీసులో ధ్రువీకరించినవి బోలెడు కవర్లు..."

"వేళాకోళమా? వియ్యపురాలి నెత్తిన బూడిద పోస్తే పెళ్ళి జరుగుతుందా?" గొంతు ఇంకా తగ్గింది. "కాలనివి ఉన్నాయా?"

పురుషోత్తం అటక వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. గుమ్మం బయట నిలబడి వింటున్న రాజ్యం అంత కష్టపడలేదు.

"ఉన్నాయి సార్. కానీ కాలనివి రేటెక్కువ. నేరం కదా," అంది.

ఆ వారంలోనే గడ్డి ట్రాక్టరులో మొదటి మూట వెళ్ళింది. తర్వాత ఒకరి ద్వారా ఒకరు. తహసీల్దారుగారింట్లో గృహప్రవేశం. డీఎస్పీగారి అత్తమామల షష్టిపూర్తి. అందరూ వేదికలమీద బూడిద చల్లించుకుంటున్నారు. ఇంట్లో శుభకార్యానికి మాత్రం చాటుగా మనిషిని పంపుతున్నారు. మనిషి వచ్చి అటూఇటూ చూసి, "పచ్చిదుందా?" అంటాడు. పచ్చిదంటే కాల్చనిది. సారా దుకాణం దగ్గర కూడా అంత జంకు ఉండదు. ఊళ్ళో మగ్గాలు మళ్ళీ కదిలాయి. అంజయ్య కూడా ఒకరోజు చెప్పాపెట్టకుండా గుంటలో దిగి, మెరూన్ రంగు పడుగు ఎక్కించాడు.

అతని రెండో మెరూన్ శాలువా మగ్గం దిగేసరికి బూడిద అమ్మకం తగ్గింది. కారణం వెతికినవాడు రైసుమిల్లు యజమాని. ఫిర్యాదు చేసినవాడూ అతనే.

డాక్టర్ శేషశయనం స్వయంగా వచ్చాడు. రెండు జీపులు, కానిస్టేబుళ్ళు, వెనకాల ముఖం వేలాడేసుకుని కోదండపాణి. అటకమీది మూటలన్నీ సంఘం ముందు నడివీధిలో కుప్పపోయించారు. మగ్గాలమీంచి జనం లేచి వచ్చారు. ఎండలో ఆ రంగులు చూస్తే పెళ్ళిపందిరి ముందు నిలబడ్డట్టుంది.

"చట్టవిరుద్ధమైన సరుకు," అన్నాడు శేషశయనం. "నిబంధన ప్రకారం దహనం చేయించవలసి ఉంటుంది."

పురుషోత్తానికి కళ్ళముందు అంతా ఒక్క క్షణం బూడిదరంగులో కనిపించింది. ఏడాది పని, ఊరి తిండి, మామ అంచు. అప్పుడే అతని బుర్రలో ఏదో వెలిగింది. ఇన్ని నెలలు ఆఫీసుల్లో తిరిగితే ఎవరికైనా కొంత అంటుకుంటుంది.

"కాల్చండి సార్," అన్నాడు.

జనం గొల్లుమన్నారు. "ఒరే పురుషోత్తం!" అని ఎవరో కాలర్ పట్టుకోబోయారు. రాజ్యం ఆ చెయ్యి విదిలించి కొట్టింది.

"కాల్చండి," అన్నాడు మళ్ళీ. "కాలిస్తే బూడిదవుతుంది. బూడిదని మీరు పరీక్షిస్తారు. మా నూలు ఇంతవరకు ఫెయిలవలేదు. పాసవుతుంది. పాసైతే ఇవి చట్టబద్ధమైన శాలువాలు. చట్టబద్ధమైన శాలువాలు దాచుకున్నందుకు మామీద కేసేంటి సార్?"

శేషశయనం కానిస్టేబుళ్ళకి సైగ చేశాడు.

"పరీక్షించం. ఊరికే కాలుస్తాం."

"పరీక్షించకపోతే వీటిలో లోహం ఉందని మీకెలా తెలుసు? పేపర్లవాళ్ళు అడుగుతారు సార్. నిర్ధారణ కేంద్రం నిర్ధారణ చెయ్యకుండానే కాల్చిందా అని."

అంజయ్య జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అది బెదిరింపో, నిజమో పురుషోత్తానికీ తెలియలేదు. ముసలాయన ముఖంలో మాత్రం ఆట లేదు.

"ఒకసారి కాలిందిగా నాది. ఈసారి నా చేత్తో నేనే కాల్చుకుంటా. మీకు కొలిమి ఖర్చెందుకు?" అని పుల్ల గీశాడు.

పుల్ల భగ్గుమంది. మెరూన్ రంగు శాలువా కుప్పమీదే ఉంది. మంట దానికి జానెడు దూరంలో ఉంది. ఈ పందెం ఓడితే ఊరు లేదు.

"ఆపండి!"

అరిచింది శేషశయనం కాదు, కోదండపాణి. గబగబా వచ్చి డైరెక్టరుగారి చెవిలో ఏదో అన్నాడు. చెవిలోనే అన్నాడు గానీ, వీధి అంత నిశ్శబ్దంగా ఉండటంతో ముందు వరసవాళ్ళందరికీ వినిపించింది.

"సార్, ఆ పక్క మూట మీదే. అమ్మగారు పురమాయించారు. బాబుగారి ఉపనయనానికి. ఆ మెరూన్‌ది ప్రత్యేకంగా మీకు."

శేషశయనం ఆ మెరూన్ శాలువా వైపు చూశాడు. బహుశా జీవితంలో మొదటిసారి, యంత్రం లేకుండా ఒక బట్టను చూశాడు. అంచు తిరగేశాడు. అటువైపు కూడా అలాగే ఉంది. మళ్ళీ తిరగేశాడు.

"ఇది... ఏది పైవైపు?"

"రెండూ పైవైపే," అన్నాడు అంజయ్య. వేళ్ళ దాకా వచ్చిన మంట ఊది ఆర్పాడు.

డైరెక్టరుగారు కుర్చీ తెప్పించుకున్నారు. నీళ్ళు తాగారు. కాసేపు ఆకాశం వైపు చూశారు. ఆ తర్వాత ఆయన నోటివెంట ఉత్తర్వు ఒక్క తప్పు లేకుండా జారింది.

"కేంద్రంలో కొలిముల సామర్థ్యము పరిమితమైనందున, సూరంపేటయందలి శాలువాలన్నియు పరీక్ష నిమిత్తము వేచి ఉన్నవిగా భావించడమైనది. పరీక్ష జరుగువరకు సదరు శాలువాలు చెడిపోకుండా, అర్హులైన సంరక్షకుల వద్ద వాడుకలో ఉంచవలెను. సంరక్షకులు సంఘమునకు తగు రుసుము చెల్లించవలెను. కొత్తగా నేయబడు శాలువాలు కూడా ఇదే వరుసలో చేరును." కోదండపాణి వైపు తిరిగి అడిగాడు. "పరీక్ష తేదీ ఏమని వేయాలి?"

"తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు అందాం సార్. అంతకంటే పెద్ద తేదీ మన దగ్గర లేదు."

మొదటి సంరక్షకుడిగా డాక్టర్ శేషశయనం సంతకం చేసి, మూట జీపులో పెట్టించుకుని వెళ్ళిపోయాడు. రుసుము ఇవ్వడం మర్చిపోబోతే రాజ్యం జీపుకి అడ్డంగా నిలబడి గుర్తుచేసింది.

అప్పట్నుంచి సూరంపేటలో మగ్గాలు ఆగలేదు. సంరక్షకులు కార్లు వేసుకుని వస్తున్నారు. పెళ్ళిళ్ళ రోజుల్లో అయితే నిలబడటానికి చోటుండదు. గడ్డి ట్రాక్టరు మళ్ళీ గడ్డే మోస్తోంది. జిల్లా కేంద్రంలో సన్మానాలు కూడా యథావిధిగా జరుగుతున్నాయి. మొన్న చలికాలంలో ఒక పెద్ద బుర్రకథ కళాకారుడికి మంత్రిగారే స్వయంగా రెండు చెంచాలు పాసైనది చల్లారు. ఫోటో బాగా వచ్చింది. ఆ రాత్రి మంత్రిగారు తలస్నానం చేసి, పాసవ్వనిది ఒకటి మెడ చుట్టూ బిగించి కప్పుకుని వెచ్చగా పడుకున్నారు. కళాకారుడు సభ అయ్యాక బస్టాండులో కూర్చుని, సన్మానం దులుపుకుని, ఆఖరి బస్సు వచ్చేదాకా వణుకుతూనే ఉన్నాడు.